మీటింగ్‌కి పోయొస్తానంటున్నాడు, ఎక్కడని వెతకాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. మా ఆయనకు 42 ఏళ్లు, కరెంటు పనులు చేస్తాడు. రోజూ హాఫ్ బాటిల్ ఉండాల్సిందే. పోయినేడాది నెల రోజులు డీఅడిక్షన్ సెంటర్‌లో పెట్టాం. బయటికొచ్చిన మూడో వారానికే మళ్లీ మొదలైంది. ఇప్పుడు తనే, తాగుడు మానినవాళ్లు మీటింగులు పెట్టుకుంటారట, ఒకసారి పోయొస్తానంటున్నాడు. అవి ఎక్కడుంటాయో మాకు తెలియదు. మా మరిదేమో కూరలో తెలియకుండా కలిపే పొడి తెప్పిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ పొడి సంగతి. వద్దమ్మా. అందులో ఏముందో అమ్మేవాడు చెప్పడు. ఒకవేళ తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ ఉంటే, దాని మీద సారా చుక్క పడగానే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ మాత్ర ఆపినా రెండు వారాల దాకా ప్రభావం ఉంటుంది. మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టర్ పర్యవేక్షణలో ఇవ్వాల్సిన మందది. పైగా కూరలో కలిపారని తెలిసిన రోజు మీ చేతి అన్నం మీదే ఆయనకు నమ్మకం పోతుంది. మీటింగ్ మాట ఇక ఎత్తనివ్వడు.

రెండోది, రేపటి నుంచి చుక్క ముట్టనని ఒట్టేయించుకోకండి. హాఫ్ అంటే 375 మిల్లీలీటర్లు. రోజూ అంత తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనబడటం, మతి తప్పి మాట్లాడటం మొదలైతే అది ఎమర్జెన్సీ, 108కి ఫోన్ చేయాలి. అందుకే ముందు ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించండి. వారం పది రోజులు తగ్గించుకుంటూ పోయే మాత్రలు, బీ1 విటమిన్ ఇస్తారు. గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి, ఆసుపత్రిలో ఉంచుకుంటారు. మీటింగుల్లో డాక్టర్లు, మందులు ఉండవు. అలాగని మాత్రలన్నీ అయ్యేదాకా ఆగనక్కర్లేదు. ఒళ్లు కుదుటపడిన వారంలోనే వెళ్లవచ్చు.

ఇక మీరడిగింది. ఆయన విన్నది ఆల్కహాలిక్స్ అనానిమస్ గురించి అయ్యుంటుంది. అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలో మొదలైంది, మన దేశంలోనూ దశాబ్దాలుగా ఉంది. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊళ్లవారీగా మీటింగుల పట్టిక, హెల్ప్‌లైన్ నంబరు దొరుకుతాయి. పట్టికను నమ్ముకుని నేరుగా బస్సెక్కకండి. హాలు మారుతుంది, రోజు మారుతుంది, పట్టికలో మాత్రం పాతదే ఉంటుంది. తాళం వేసిన గేటు చూసి వెనక్కొచ్చిన మనిషిని రెండోసారి బయల్దేరదీయడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. ముందు రోజు ఫోన్ చేయాలి. ఎత్తేవాళ్లు జీతం తీసుకునే ఉద్యోగులు కారు, తామూ తాగి మానినవాళ్లే. పగలు పనుల్లో ఉంటారు కాబట్టి సాయంత్రం ప్రయత్నించండి. మీటింగ్ ఏ రోజు, ఎన్నింటికి, ఏ హాల్లో, తెలుగులో మాట్లాడతారా అని అడగాలి. గేటు దగ్గర ఎవరైనా కలుస్తారా అన్నది ఇంకా ముఖ్యం. ఈ ఫోన్ ఆయనే చేయాలి. నంబరు కలిపి ఇవ్వండి, మాట్లాడేది ఆయన.

ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌ను కూడా అడగండి, దగ్గర్లోని గ్రూపుల సంగతి వాళ్లకు తెలిసే అవకాశం ఉంది. ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416లో ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు. దగ్గర్లో గ్రూపు లేదని తేలితే ఆదివారం హైదరాబాద్ మీటింగ్, మిగతా రోజుల్లో ఫోన్‌లో ఆన్‌లైన్ మీటింగులు పెట్టుకోండి. రోజూ హైదరాబాద్ వెళ్లి రావాలని పెట్టుకుంటే వారం కూడా సాగదు.

మీటింగ్ గంట, గంటన్నర ఉంటుంది. ఫీజు లేదు. చివర్లో చందా సంచి తిప్పుతారు, కొత్తవాళ్లు వేయకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఇంటిపేరు, ఉద్యోగం అడగరు. మాట్లాడటం ఇష్టం లేకపోతే విని రావచ్చు. చేర్చుకోవడానికి వేలు అడిగితే అది ఏఏ కాదు, వేరే వ్యాపారం. దేవుడి ప్రస్తావన వస్తుంది, భజన సంఘం అనుకుని కొందరు మొదటిరోజే లేచి వస్తారు. ఏ మతానికీ సంబంధం లేదని ముందే చెప్పండి. మొదటిసారి నలుగురైదుగురే ఉండొచ్చు, ఎవరో సాగదీసి చెప్పొచ్చు. ఒక్క మీటింగ్‌తో తేల్చేయకుండా కనీసం నాలుగైదు చూడాలి. మధ్యలో ఒకరోజు తాగినా మర్నాటి మీటింగ్‌కి వెళ్లవచ్చు, తలుపులు మూయరు. నా లెక్కలో మొదటి నెల అసలు చిక్కు మీటింగ్‌లో కాదు, తిరుగు దారిలో ఉన్న వైన్స్ దగ్గర. ఛార్జీలకు సరిపడా డబ్బే జేబులో ఉండేట్టు ఆయనతోనే మాట్లాడి ఒప్పందం చేసుకోండి. మీటింగ్ నుంచి రాగానే ఎవరేం చెప్పారని ఆరా తీయకండి. అక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది వాళ్ల కట్టుబాటు.

ఓపెన్ మీటింగ్ అయితే మీరూ వెంట వెళ్లవచ్చు. క్లోజ్డ్ అయితే తాగుడు మానాలనుకునేవాళ్లకే. ఇంటివాళ్ల కోసం ఆల్-అనాన్ అని వేరే గ్రూపులున్నాయి. ఆయన మానినా మానకపోయినా మీరు వాటికి వెళ్లవచ్చు. అప్పులు తీర్చడం, పనికి రాలేదని మేస్త్రీకి అబద్ధం చెప్పడం ఎలా ఆపాలో అక్కడివాళ్లు తాము చేసి చూసి చెబుతారు. తాగి చేయి చేసుకుంటున్నాడా అన్నది మీరు రాయలేదు. అలా జరుగుతుంటే ఆయన మానే దాకా ఆగకుండా మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.