జేబులో కట్టు, మెడలో బిళ్ళ

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ పదాతి దళం గురించి కిందటి సంచికలో వచ్చిన వ్యాసం చదివి చాలామంది రాశారు. సిపాయి సామాను మీద, గాయాల వైద్యం మీద వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: సినిమాల్లో జర్మన్ సిపాయి పరిగెడుతుంటే నడుము వెనకాల గొట్టంలాంటి రేకు డబ్బా ఊగుతూ ఉంటుంది. అందులో ఏముంటుంది? ఇంకా ఏమేం మోసేవాడు? (తెనాలి)

జవాబు: అది గ్యాస్ మాస్కు డబ్బా. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు రుచి చూసిన సైన్యం కాబట్టి ఆ డబ్బాను చివరిదాకా ఒంటిమీంచి దించనివ్వలేదు. తీరా రెండో యుద్ధంలో రణరంగాన విషవాయువు దాదాపు కనబడలేదు. దాంతో మాస్కు తీసి అవతల పెట్టి, డబ్బాలో సిగరెట్లూ తిండీ దాచుకున్నవాళ్ళు బోలెడుమంది.

మిగతా సంసారమంతా బెల్టు మీదే. ముందువైపు బకిలుకి అటొకటి ఇటొకటి తోలు తూటా సంచులు. సంచికి మూడు అరలు, అరకి ఐదేసి తూటాల క్లిప్పులు రెండు. అంటే రెండు సంచుల్లో కలిపి 60 తూటాలు. ఎడమ తుంటి మీద పొట్టి పార, దాన్నే అంటిపెట్టుకుని బాయ్నెట్ (తుపాకీ కొసకి తగిలించే కత్తి). కుడి తుంటి వెనక గుడ్డసంచి. దాన్ని జర్మన్లు ‘రొట్టెసంచి’ అనేవారు. దానికి తగిలించి 0.8 లీటరు నీళ్ళసీసా. ఇంత బరువుకి బెల్టు కిందికి జారుతుంది కాబట్టి 1939 నుంచి భుజాల మీదుగా వై ఆకారపు తోలు పట్టీలు ఇచ్చారు.

నీళ్ళసీసాకి చుట్టూ ఉన్ని ఫెల్టు తొడుగు ఉంటుంది. మనం కూజాకి తడిగుడ్డ చుట్టమూ, అదే కిటుకు. ఎండలో తొడుగు తడిపితే నీళ్ళు చల్లబడతాయి. చలిలో పొడిగా ఉంచితే గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. తినడానికి 1.7 లీటర్ల గిన్నె ఉండేది, దాని మూతే కంచం. ఆపద్ధర్మపు తిండి ఒంటిమీద సగమే: గట్టి బిస్కెట్లు 250 గ్రాములు, డబ్బా మాంసం 200 గ్రాములు. అధికారి చెప్పందే డబ్బా తెరవకూడదు. పూర్తి వాటా, అంటే వీటికి తోడు కూరలూ కాఫీ ఉప్పూ, వంటబండి మీద ఉండేది.

అన్నిట్లోకీ బుర్రపెట్టి చేసింది ‘ట్సెల్ట్‌బాన్’. ఇది మూడు కోణాల కాన్వాసు గుడ్డ, అంచుల వెంట గుండీలూ కాజాలూ. ఒక్కటి కప్పుకుంటే వానకోటు. నాలుగు కలిపి గుండీలు పెట్టుకుంటే నలుగురు పడుకునే గుడారం. పొడవాటి కర్రకి జోలెలా కడితే గాయపడ్డవాణ్ణి మోసే డోలీ. స్ట్రెచరు చేరని చోట మనిషిని వెనక్కి తెచ్చింది చాలాసార్లు ఈ గుడ్డే.

ప్రశ్న: నర్సింగ్ చదువుతున్నాను. తూటా తగిలిన క్షణం నుంచి ఆసుపత్రి దాకా ఎవరు ఏం చేసేవారు? ట్రయాజ్ ఉండేదా? (వరంగల్)

జవాబు: ఉండేది. ట్రయాజ్ అంటే గాయం తీవ్రతను బట్టి ఎవరిని ముందు చూడాలో, ఎలా పంపాలో విడదీయడం. మీకు పనికొచ్చే విషయం కాబట్టి వివరంగా చూద్దాం.

మొదటి కట్టు తనకు తానే కట్టుకోవాలి, లేదా పక్కవాడు కట్టాలి. కోటు కింది అంచు లోపల దానికోసమే చిన్న జేబు కుట్టి ఉండేది. అందులో రబ్బరు పూసిన గుడ్డలో చుట్టిన శుభ్రమైన కట్టు. పల్చటి నూలు గుడ్డ చుట్టకే మెత్త కుట్టేసి ఉంటుంది. రెండు కొసలూ పట్టుకుని లాగి, మెత్త లోపలివైపు వేలు తగలకుండా గాయం మీద అదమాలి. అందరూ చేసే తప్పు అక్కడే: కంగారులో మట్టి చేతులతో మెత్తనే పట్టుకుంటారు. ఇంకో నియమం, గాయపడ్డవాడి కట్టే అతనికి వాడాలి. మీ కట్టు ఇచ్చేస్తే రేపు మీకు ఉండదు.

తర్వాత కంపెనీ వైద్య సిపాయి. జర్మన్ల వాడుకలో ‘జానీ’. బెల్టుకి రెండు తోలు సంచులు: కట్లు, కత్తెర, మాత్రలు, రబ్బరు పట్టీ. రబ్బరు పట్టీతో వచ్చే చిక్కు మీరు తరగతిలో వినే ఉంటారు. వదులుగా బిగిస్తే ధమని ఆగదు, సిర మాత్రమే మూసుకుంటుంది, రక్తం ఇంకా ఎక్కువ పోతుంది. సన్నటి తాడుతో బిగిస్తే నరం దెబ్బతింటుంది. సరిగ్గా బిగించినా రెండు గంటలు దాటితే అవయవానికి ప్రమాదం మొదలవుతుంది. అందుకే బిగించిన సమయం చీటీ మీద రాయడం తప్పనిసరి. రాయడం మరిచిపోతే వెనకున్న డాక్టరుకి కాలు ఉంచాలో తీసెయ్యాలో తేల్చుకునే ఆధారం పోతుంది.

మోసేవాళ్ళు దగ్గర్లోని మరుగుకి చేరుస్తారు. దాని పేరుకి అర్థం ‘గాయపడ్డవాళ్ళ గూడు’. అక్కణ్ణుంచి బెటాలియన్ డాక్టరు దగ్గరికి. ఈయన ఆపరేషన్లు చెయ్యడు. కట్టు సరిచూడటం, విరిగిన ఎముకకి బద్దలు కట్టడం, నొప్పికి మార్ఫిన్, ధనుర్వాతం సీరం (రోగాన్ని అడ్డుకునే పదార్థాలున్న రక్తద్రవం). సీరం ఎందుకంటే, ఇవాళ మనం ముందుగా వేయించుకునే టీటీ లాంటి టీకా జర్మన్ సైన్యంలో అందరికీ వెయ్యలేదు, గాయమయ్యాక సీరం పొడిచేవారు. అమెరికన్లు ముందే టీకా వేశారు. ఆ విషయంలో వాళ్ళదే పైచెయ్యి.

ఇక ట్రయాజ్ చీటీ. తెల్ల కాగితం, చింపడానికి వీలుగా రెండు ఎర్ర అంచులు. రెండూ ఉంటే కదిలించకూడదు. ఒకటి చింపితే బండిలో పంపవచ్చు. రెండూ చింపితే నడిచి వెళ్ళగలడు. చీకట్లో, వానలో, కలం లేకపోయినా పని జరిగిపోతుంది. లోపం ఒక్కటే, మనిషి దారిలో దిగజారితే చింపిన అంచు మళ్ళీ అతకదు, కొత్త చీటీ రాయాల్సిందే. నడిచేవాళ్ళని వేరే చోటికి మళ్ళించేవారు, లేకపోతే మోయాల్సినవాళ్ళకి చోటుండదు.

సుమారు 6 కిలోమీటర్ల వెనక డివిజన్ వైద్య కంపెనీ నడిపే ప్రధాన కేంద్రం. కత్తి పట్టేది ఇక్కడే, అదీ ప్రాణం నిలబెట్టేంత మటుకు. ఎందుకంత తొందరంటే, 1898లోనే పాల్ ఫ్రీడ్రిఖ్ అనే జర్మన్ సర్జన్ గినీ పందుల గాయాల్లో తోట మట్టి, మెట్ల మీది దుమ్ము పెట్టి చూశాడు. ఆరు గంటలలోపు గాయం అంచులు కోసి తీసేస్తే జంతువు బతికింది, ఆ తర్వాత సూక్ష్మజీవులు కోతకి అందనంత లోపలికి పోయాయి. ఎరువు వేసిన పొలాల్లో జరిగే యుద్ధానికి ఆ లెక్కే ప్రాణాధారం. ఇక్కణ్ణుంచి 200 పడకల క్షేత్ర ఆసుపత్రి, ఆపైన యుద్ధ ఆసుపత్రి, చివరికి ఆసుపత్రి రైలెక్కి జర్మనీ.

కాగితం మీద ఇంత పకడ్బందీ వరస మరొకటి లేదనిపిస్తుంది. కానీ అది బండి మీద, దారి మీద నిలబడ్డ వరస. రష్యాలోని స్టాలిన్‌గ్రాడ్‌లో శత్రువు చుట్టుముట్టి దారి మూసుకుపోయాక విమానాల్లో దాదాపు 25,000 మందిని బయటికి తీశారు. 1943 జనవరిలో పిటోమ్నిక్, ఆ వెంటనే గుమ్రాక్ విమానాశ్రయాలు చేజారాక చీటీలో ఎన్ని ఎర్ర అంచులున్నా ఒకటే.

ప్రశ్న: సల్ఫా మందు కనిపెట్టింది జర్మన్లే కదా, మరి గాయాల వైద్యంలో వెనకబడ్డారంటారేం? (కాకినాడ)

జవాబు: సూక్ష్మజీవుల్ని అణిచే మొదటి సల్ఫా మందు ప్రాంటోసిల్ జర్మన్ శాస్త్రవేత్త గెర్హార్డ్ డోమాక్‌దే. 1939లో నోబెల్ ప్రకటిస్తే నాజీ ప్రభుత్వం ఆయన చేత తిరస్కరింపజేసింది, 1947లో గానీ పతకం అందుకోలేదు. సల్ఫా పొడి గాయాల మీద ధారాళంగా చల్లేవారు. అయితే చచ్చిన కండ లోపల ఉండగా పైన పొడి చల్లితే లాభం లేదు, ముందు కోసి శుభ్రం చెయ్యాలి. పెన్సిలిన్ అమెరికన్లకీ బ్రిటిష్‌వాళ్ళకీ 1944 నాటికి దండిగా ఉంటే, జర్మన్లకి లేదనే చెప్పాలి.

అసలు వెనకబాటు రక్తం ఎక్కించడంలో. మిత్రరాజ్యాల సైన్యాలు నిల్వ రక్తం, పొడి ప్లాస్మా (కణాలు తీసేసిన రక్తద్రవం) ముందుకు పంపేవి. జర్మన్ కేంద్రాల్లో ఎక్కువగా మనిషి నుంచి మనిషికి అప్పటికప్పుడు ఎక్కించేవారు. ప్లాస్మాకి బదులు పెరిస్టన్ అనే కృత్రిమ ద్రవం వాడారు. అది రక్తపోటు నిలబెడుతుంది గానీ ప్రాణవాయువు మోయదు. యుద్ధం చివర్లో నూలు కరువై ముడతల కాగితంతో కట్లు కట్టారు, తడిస్తే చిరిగిపోయేవి.

సల్ఫా పేరెత్తాక ఇది కూడా చెప్పాలి. 1942లో రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరంలో పోలిష్ మహిళా ఖైదీల కాళ్ళు కోసి, సూక్ష్మజీవులూ గాజుముక్కలూ చెక్కపేళ్ళూ పెట్టి సల్ఫా పరీక్షించారు. నడిపించిన సర్జన్ కార్ల్ గెబ్‌హార్ట్‌ని యుద్ధం ముగిశాక నాజీ డాక్టర్ల మీద న్యూరెంబర్గ్‌లో జరిగిన విచారణ తర్వాత 1948లో ఉరితీశారు.

ప్రశ్న: 1941 రష్యా చలిలో అంతమంది కాళ్ళు ఎందుకు పోగొట్టుకున్నారు? బూట్లు మంచివే కదా? (నిజామాబాద్)

జవాబు: మంచివే, ఫ్రాన్సుకి. అడుగున కొట్టిన ఇనప మేకులు చలిని నేరుగా పాదానికి చేరవేస్తాయి. పైగా కాలికి సరిగ్గా సరిపోయే కొలత, రెండో మేజోడుకి చోటు లేదు. ఇరికిస్తే నెత్తురు ఆడదు. రష్యన్లు వదులైన ఫెల్టు బూట్లు తొడిగేవారు. ఆ చలికాలంలో మంచుకాటు కేసులు లక్ష దాటాయి. 1942లో ఇచ్చిన తూర్పు రంగపు పతకానికి సిపాయిలు పెట్టుకున్న పేరు ‘గడ్డకట్టిన మాంసం పతకం’. అప్పట్లో మంచుతో రుద్దితే మేలని నమ్మేవారు. అది తప్పు, చర్మం ఇంకా చీలుతుంది. మళ్ళీ గడ్డకట్టే ప్రమాదం లేదనుకున్నప్పుడే 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చటి నీళ్ళలో ముంచాలి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో జర్మన్ సిపాయి గుర్తింపు బిళ్ళ ఒకటి అమ్మకానికి ఉంది. కొనవచ్చా? అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది? (హైదరాబాద్)

జవాబు: ముందు ఆ బిళ్ళ పని తెలుసుకోండి. కోడిగుడ్డు ఆకారం, అల్యూమినియం లేదా జింకు రేకు, నడుమ అడ్డంగా చీలికలు. పైసగంలోనూ కిందిసగంలోనూ ఒకటే రాత: బిళ్ళ ఇచ్చిన దళం, జాబితా సంఖ్య, రక్తం గ్రూపు. పేరుండదు. పేరు బెర్లిన్‌లోని జాబితాలో ఉంటుంది. మనిషి చనిపోతే కిందిసగం విరిచి పంపుతారు, పైసగం ఒంటితోనే పాతిపెడతారు. రెండు సగాలూ కలిసే ఉన్నదంటే, బతికి ఇంటికెళ్ళినవాడిదైనా కావాలి, చావు నమోదు కానివాడిదైనా కావాలి. మట్టి తిని పొక్కిపోయిన జింకు బిళ్ళయితే రెండోదని అనుమానించండి. సమాధి తవ్వి తీసిందయి ఉండవచ్చు, అది తీసిన క్షణంలోనే ఆ ఎముకలకు పేరు దొరికే దారి మూసుకుపోతుంది.

నకిలీలు లెక్కలేనన్ని. అక్షరాలన్నీ తీర్చిదిద్దినట్టు ఒకే వరసలో ఉంటే నమ్మకండి, అసలువి చాలావరకు ఒక్కో అక్షరం సుత్తితో కొట్టినవి, ఎగుడుదిగుడుగా ఉంటాయి. మీరు కొనకపోయినా ఒక పని చెయ్యవచ్చు. ప్రకటనలోని బొమ్మల్లో రెండు వైపుల రాతా కనబడుతుంటే, జర్మన్ యుద్ధ సమాధుల సంస్థ ఫోక్స్‌బుండ్‌కి పంపండి. పాత జాబితాలు 2019 నుంచి జర్మన్ జాతీయ అభిలేఖాగారం ఆధీనంలో ఉన్నాయి, సంఖ్య దొరికితే పేరు దొరకవచ్చు.