బోటి అంటే ఏ బోటి?

సందేహం: వివిధ దేశాల వంటల మీద వచ్చిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. మాంసంలో పొట్ట, కార్జం లాంటి భాగాలకు ఇంగ్లిషులో వాడే 'ట్రైప్', 'ఆఫల్' అనే మాటల దగ్గర ఆగిపోయాను. 'ఆంత్రములు' అంటే వైద్య గ్రంథంలా ఉంది. 'బోటి' అని రాస్తే, బోటి అంటే స్త్రీ కదా అని మా మామగారు అభ్యంతరం చెప్పారు. 'మీబోటి పెద్దలు' అంటాం కదా, అదీ ఇదీ ఒకటేనా? ఏది రాయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: అమ్మా, మీ మామగారి మాట నిజమే. ప్రబంధాలలో బోటి అంటే స్త్రీయే. కానీ మాంసం కొట్టు దగ్గర నిలబడి అరకిలో బోటి ఇమ్మన్నవారిని ఏ కొట్టువాడూ అపార్థం చేసుకోడు. 'మీబోటి పెద్దలు'లోది మరో బోటి. దానికి 'వంటి' అని అర్థం. ముందు 'మీ', 'నా' వంటి మాట తోడుంటే తప్ప అది నిలబడదు. వినడానికి మూడూ ఒకటే అయినా అర్థంలో పొత్తు లేదు, వాక్యం చూడగానే ఏ బోటో తెలిసిపోతుంది. కనుక బోటి అనే రాయండి. మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జనం నోట ఉన్న మాట కోసం జీవితమంతా పోరాడారు. కూర పేరు దగ్గర గ్రాంథికానికి తిరిగి పోతామా?

ఒక చిక్కు మాత్రం ఉంది. మన బోటిలో పొట్టా, పేగులూ రెండూ కలుస్తాయి. ఇంగ్లిషువారి ట్రైప్ ప్రధానంగా పొట్టే, అదీ ఎక్కువగా ఆవుది. మెక్సికోలో మొక్కజొన్న గింజలూ మిరపకాయలూ వేసి కాచే మెనూడోను 'ఆవు బోటి పులుసు' అనవచ్చు. ఫ్రాన్సులో కాన్ నగరం పేరుతో ప్రసిద్ధమైన వంటకంలో పొట్టతో పాటు కాళ్ళు కూడా వేసి, యాపిల్ సారాతో గంటల తరబడి ఉడికిస్తారు. అక్కడ 'బోటి, కాళ్ళ కూర' అంటే మన పాఠకుడికి నోరూరుతుంది. 'కడుపు' మాత్రం వాడకండి. 'ఆవు కడుపు' అని కనబడగానే చూడిదేమో అనుకునే ప్రమాదం ఉంది.

నెమరువేసే జంతువు పొట్టలో నాలుగు గదులుంటాయి. వంటవాళ్ళకు ఒక్కొక్కటీ ఒక్కొక్క సరుకు. కొట్టులో చూసే ఉంటారు: పొట్టను వేడినీళ్ళలో ముంచి, కత్తితో పైనున్న నల్లటి పొరను గీకేస్తే అడుగున తెల్లటి గళ్ళు బయటపడతాయి. ఆ గళ్ళున్న రెండో గదిని ఇంగ్లిషువారూ జపానువారూ ఒకరినొకరు అడగకుండానే తేనెపట్టు అన్నారు. పొరలు పొరలుగా ఉండే మూడో గదిని వియత్నాంలో పుస్తకం అంటారు, జపానులో వెయ్యి రేకులు అంటారు. ఫిలిప్పీన్స్‌లో నూగు నూగుగా ఉండే పొట్ట ముక్కకు తువ్వాలు అని పేరు. ఈ పేర్లను మీరు నిశ్చింతగా తెలుగు చేయవచ్చు. తేనెపట్టు బోటి, పుస్తకం బోటి అంటే వివరణ కూడా అక్కరలేదు. ఫ్లారెన్స్ వీధుల్లో రొట్టెలో పెట్టి ఇచ్చే లాంప్రెడోట్టో నాలుగో గది. దాని పేరును అలాగే ఉంచి, పక్కన ఒక్క ముక్క చెప్పండి.

హాగిస్ సంగతి వేరు. స్కాట్లాండులో ఏటా జనవరి 25న, కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు విందులో, వడ్డించే ఈ వంటకంలో గొర్రె గుండె, కార్జం, ఊపిరితిత్తులను ఓట్స్ ధాన్యంతో, కొవ్వుతో కలిపి గొర్రె పొట్టలో కూరి ఉడికిస్తారు. ఇక్కడ పొట్ట సంచి మాత్రమే, కాబట్టి బోటి అనకూడదు, పొట్ట అనాలి. కార్జం బదులు కాలేయం అని రాస్తే హాగిస్ కాస్తా ఆసుపత్రి చీటీ అవుతుంది. మనిషికి జబ్బు చేసేది కాలేయం, మనం వేయించుకునేది కార్జం. తెలుగులో ఈ పంపకం ఎప్పుడో జరిగిపోయింది. కందనకాయకు సంస్కృతం వెతికినవారిని నేను ఇంతవరకూ చూడలేదు, అది మన అదృష్టం.

'ఆఫల్' దగ్గరే అసలు పేచీ. జంతువును కోసేటప్పుడు కింద పడిపోయేది అని ఆ మాటకు మూలార్థం. దాన్ని పట్టుకుని 'వ్యర్థ మాంసం' అని రాయడం మన వంటింటిని అవమానించడమే. రోమ్ నగరంలో దీన్నే 'అయిదో పావు' అంటారు. జంతువును నాలుగు పాళ్ళు చేసి పంచాక మిగిలిన భాగమట, ఎంత మర్యాదగా ఉందో చూడండి! మనకు అన్నిటినీ కలిపి చెప్పే ఒక్క మాట స్థిరపడలేదు, కొట్టులో దేని పేరు దానిదే: తలకాయ, కాళ్ళు, బోటి, కార్జం. వ్యాసంలో కూడా ఏ వంటకంలో ఏది పడుతుందో ఆ పేరే రాయండి. తప్పనిసరైన చోట 'లోపలి భాగాలు' అంటే సరిపోతుంది, కానీ తలకాయనూ కాళ్ళనూ అందులో కలపకండి.

మీ వ్యాసంలో 'బోటీ కబాబ్' కూడా తగిలితే జాగ్రత్త. హిందీ, ఉర్దూలలో బోటీ అంటే మామూలు మాంసం ముక్క. అందులో పేగూ ఉండదు, పొట్టా ఉండదు.