బ్యాటరీ అయిపోతే పెట్టె ఒక్కటే మారుస్తారు

అన్నా, కందుకూరులో ఉన్న మీ అమ్మగారికి మోషన్ ఆగక నాలుగేళ్ల కిందట నరాల స్టిమ్యులేటర్ (పిరుదు పైన చర్మం కింద బ్యాటరీ ఉన్న చిన్న పెట్టె పెట్టి, వైరుతో మోషన్‌ని అదుపు చేసే నరాలకి కొద్దిగా కరెంటు ఇచ్చే పరికరం) పెట్టించారు, ఇప్పుడు మళ్ళీ బట్టల్లో పడుతోంది, మొత్తం ఆపరేషన్ మళ్ళీ చేయాలా అని అడిగారు కదా. అంత టెన్షన్ వద్దు.

ఛార్జింగ్ లేని పాత రకం బ్యాటరీ మామూలుగా 3 నుంచి 5 ఏళ్లు వస్తుంది. సెట్టింగ్ ఎంత పెంచితే అంత త్వరగా అయిపోతుంది. ముందు రిమోట్‌లో బ్యాటరీ గుర్తు చూడండి. మా నాన్నకీ ఇలాగే అయితే బ్యాటరీయే అనుకొని ఒంగోలు నుంచి చెన్నైకి పరిగెత్తాం. తీరా చూస్తే బ్యాటరీ నిక్షేపంగా ఉంది! బాత్రూంలో జారిపడ్డప్పుడు వైరు కదిలిందట. అందుకే ఇంపీడెన్స్ (వైరులో కరెంటు సరిగ్గా వెళ్తోందా అన్న పరీక్ష) కూడా చెక్ చేయమనండి.

నిజంగా బ్యాటరీయే అయితే పిరుదు పైన పాత కోత దగ్గరే తెరిచి పెట్టె మారుస్తారు. వైరు బాగుంటే దాన్ని కదపరు. చాలామంది అదే రోజు ఇంటికి వచ్చేస్తారు.

ఛార్జింగ్ రకం 15 ఏళ్ల దాకా వస్తుంది గానీ, పెద్దావిడకి ఛార్జర్ పెట్టుకొని కూర్చోవడం గుర్తుండాలిగా! ఛార్జింగ్ అక్కర్లేకుండా 10 ఏళ్లు దాటేవీ వచ్చాయి. కొత్త పెట్టె పాత వైరుకి సరిపోతుందో లేదో అడగండి.

అన్నట్టు, మోకాళ్ల నొప్పులకి ఫిజియోథెరపీలో డయాథెర్మీ (కరెంటు తరంగాలతో లోపల వేడి పుట్టించే మెషిన్) మాత్రం పెట్టనివ్వకండి, ఆ వేడి వైరు గుండా నరాలకి తగిలి దెబ్బతీయొచ్చు.