కొత్తగా లైబ్రేరియన్ అయిన అమ్మాయికి

తల్లీ,

ఉద్యోగంలో చేరావని, లైబ్రరీలో మానసిక ఆరోగ్యం కోసం కూడా ఏదైనా చేయాలనుందని రాశావు. చాలా సంతోషం. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలని అడిగావు కాబట్టి, ఇన్నేళ్ల పనిలో నాకు తెలిసినంత చెబుతాను.

ఆసుపత్రికి వెళ్తే ఏం జబ్బని అడుగుతారు, ఆఫీసుకి వెళ్తే ఏం పని మీద వచ్చావంటారు. లైబ్రరీలో ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. సాయంత్రం దాకా ఒకే కుర్చీలో కూర్చుని ఒక్క పేజీ తిప్పకపోయినా లేవమనరు. మనసు బాగాలేని మనిషికి అలాంటి చోటు ఎంత అవసరమో నేను కళ్లారా చూశాను. నువ్వు ఏ కార్యక్రమం పెట్టినా ఈ గుణం చెడకూడదు. దిగులుగా కనిపించిన ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్లి ఆరా తీయాలనిపిస్తుంది నీకు, మొదట్లో మరీను. ఆ పని చేయకు. రోజూ వచ్చే మనిషిని పేరు పెట్టి పలకరించు, కావలసిన పుస్తకం దొరికిందా అని అడుగు, అంతే. మాట్లాడాలనుకున్న రోజున వాళ్లే నీ కౌంటర్ దగ్గర ఆగుతారు.

ముందు బీరువాల సంగతి చూడు. పుస్తకాలకు విషయాన్ని బట్టి నంబర్లు ఇచ్చే డ్యూయీ వర్గీకరణలో మానసిక వ్యాధుల పుస్తకాలు 616.89 కింద వైద్యంలో ఉంటాయి. అయినవాళ్లు పోయిన దుఃఖం గురించినవి 155.937 దగ్గర మనస్తత్వ శాస్త్రంలో, ఆత్మహత్య నివారణ గురించినవి 362.28 దగ్గర సామాజిక సమస్యల్లో ఉంటాయి. కష్టం ఒకటే, పుస్తకాలు మాత్రం మూడు మూలల్లో! పాఠకుడి సమయం ఆదా చేయమని మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే తన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోదిగా చెప్పారు. కుంగుబాటులో ఉన్నవాళ్లకి సమయం కంటే ఓపిక తక్కువ. కేటలాగ్ వెతకలేరు, నిన్ను అడగలేరు. అందుకని ఈ పుస్తకాలన్నిటి నంబర్లతో ఒక చిన్న జాబితా అచ్చు వేయించి, ఎవరూ చూడకుండా తీసుకోగలిగే చోట పెట్టు. కౌంటర్ మీద మాత్రం వద్దు.

ఇంకొకటి గమనించు. కుంగుబాటు మీద ఉన్న పుస్తకం ఒక్కోసారి వంటల పుస్తకాల వెనకో, పాత పత్రికల కిందో దొరుకుతుంది. సిబ్బంది విసుక్కుంటారు. అది ఎవరో కావాలని దాచుకున్నది. ఇష్యూ చేయించుకుంటే కార్డు మీద పడుతుందని, ఇంట్లో చూస్తారని భయం. రేపొచ్చి మిగతాది చదువుకుందామని అక్కడ పెట్టి వెళ్లారు. అలాంటి పుస్తకానికి రెండో కాపీ కొని రీడింగ్ రూమ్‌లోనే ఉంచు. దాచిన కాపీని ఒకటి రెండు రోజులు కదిలించకు. ఎవరు ఏం చదివారన్నది మాత్రం నీ నోటి నుంచి బయటికి రాకూడదు, ఆ మనిషి అన్నయ్య వచ్చి అడిగినా సరే.

పుస్తకాలు కొనేటప్పుడు ఏ సంవత్సరం ముద్రణో చూడు. మందులు అక్కర్లేదు, ఇది చదివితే చాలు అనే పుస్తకాలను ఆ బీరువాలోకి రానీయకు. పుస్తకంతో మనసుకి సాయం చేయడానికి బిబ్లియోథెరపీ అనే పేరు 1916 నుంచీ ఉంది. అయితే అది వైద్యుడితో కలిసి నడవాల్సిన పని. శాడీ పీటర్సన్ డెలానీ గారి జీవితం తెలుసుకో. 1924లో అమెరికాలో టస్కెగీలోని మాజీ సైనికుల ఆసుపత్రి లైబ్రరీలో చేరి, 1958లో కన్నుమూసే దాకా అక్కడే ఉన్నారు. రోగి అభిరుచి తెలుసుకుని, వైద్యులతో మాట్లాడి, ఆ మనిషికి తగిన పుస్తకం ఎంచి ఇచ్చేవారు. చూపులేని వాళ్లకి బ్రెయిలీ నేర్పారు. నాకు ఆవిడంటే ఎంత గౌరవమో మాటల్లో చెప్పలేను.

ఎవరైనా నీ దగ్గర మనసు విప్పితే విను. మధ్యలో సలహా చెప్పకు, "అందరికీ ఉండేదే" అనకు. చచ్చిపోవాలనుందన్న సూచన మాటల్లో కనిపిస్తే నేరుగా అడుగు: "ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా పుట్టదు. అడగడం వల్ల చాలామందికి బరువు దిగుతుంది. ఔనంటే ఒంటరిగా వదలకు. పక్కనే కూర్చుని హెల్ప్‌లైన్‌కి ఫోన్ కలుపు, వాళ్లు నమ్మే మనిషిని పిలిపించు, ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే అత్యవసర సేవలకి చెప్పు. రహస్యం దాచడం కంటే ప్రాణం ముఖ్యమైన చోటు ఇదొక్కటే. మనసు బాగాలేని మనిషికి వైద్యసాయం అందేలోపు ఎలా తోడుండాలో నేర్పే మానసిక ప్రథమ చికిత్స శిక్షణ 2000లో ఆస్ట్రేలియాలో మొదలై చాలా దేశాలకు వెళ్లింది. అవకాశం దొరికితే నువ్వూ, నీ సిబ్బందీ తప్పకుండా చేయండి.

వైద్యుల, కౌన్సెలర్ల, హెల్ప్‌లైన్ల వివరాలు రాసిపెట్టుకోవడంతో పని అయిపోదు. ప్రతి నంబరుకీ నువ్వే ఫోన్ చేసి చూడు. ఎవరెత్తుతారు, ఏ వేళల్లో, ఏ భాషలో, ఫీజు ఎంత? ధైర్యం కూడగట్టుకుని ఫోన్ చేసిన మనిషికి పనిచేయని నంబరు తగిలితే మళ్లీ చేయడు. కొన్ని నెలలకోసారి ఇదంతా సరిచూడు.

సమావేశాలు పెడితే పేరు జాగ్రత్తగా పెట్టు. మానసిక సమస్యలపై సదస్సు అంటే కుర్చీలు ఖాళీగా ఉంటాయి. నిద్ర పట్టకపోతే ఏం చేయాలి, పరీక్షల ఒత్తిడి ఎలా తట్టుకోవాలి అంటే వస్తారు, వచ్చాక అసలు ప్రశ్నలు అడుగుతారు. అక్టోబర్ 10న మానసిక ఆరోగ్య దినోత్సవం 1992 నుంచీ జరుగుతోంది, నువ్వూ జరుపు. కానీ నాకు అంతకంటే ఇష్టమైనది వారానికోసారి పదిమంది కూర్చుని ఒక కథ గట్టిగా పైకి చదువుకోవడం. మాట్లాడాలన్న నియమం ఉండదు. కథలో మనిషి గురించి మాట్లాడుతూ తమ సంగతి చెప్పుకుంటారు.

నీ సొంత ఫోన్ నంబరు ఎవరికీ ఇవ్వకు. ఇది కాఠిన్యం అనుకోకు. అర్ధరాత్రి నువ్వు ఎత్తలేకపోతే నష్టపోయేది వాళ్లే, ఆ వేళ ఎత్తేవాళ్లు హెల్ప్‌లైన్‌లో ఉంటారు. బరువైన మాట విన్న రోజున, పేర్లు చెప్పకుండా, నమ్మకమైన ఒక సహోద్యోగితో పంచుకుని ఇంటికి వెళ్లు. నీకే నిద్ర పట్టడం లేదంటే నువ్వూ వైద్యుణ్ణి కలువు.

ఏడాది చివర్లో నివేదిక అడుగుతారు. ఎన్ని సమావేశాలు, ఎంతమంది వచ్చారు, ఎన్ని జాబితాలు పాఠకులు తీసుకెళ్లారు, అవే రాయి. ఎవరి కథా అందులో రాయకు, పేరు మార్చి కూడా. జాబితా తయారయ్యాక నాకొక కాపీ పంపు, నాకు తెలిసిన పుస్తకాలు ఏమైనా తప్పిపోయి ఉంటే చేర్చి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ