దుబాయ్ పనికి సంతకం పెట్టే ముందు

చిన్నా,

దుబాయ్‌లో గోడౌన్ల పని సబ్‌కాంట్రాక్టుకు నీకే వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మన వైపు నుంచి అక్కడికి తాపీ పట్టుకుని పోయినవాళ్లే ఎక్కువ. మన ఇంటి కుర్రాడు సొంత కంపెనీ పేరు మీద పోతున్నాడంటే గర్వంగానే ఉంది. టెన్షన్ కూడా అంతే ఉంది.

లైసెన్సు, బీమా, బ్యాంకు పనులు నీకు నేను చెప్పనక్కర్లేదు. విదేశీ పనుల డబ్బు రాకపోతే ఆదుకునే ప్రభుత్వ బీమా, అదే ఈసీజీసీ కవర్, ఆ సంగతి మాత్రం సంతకానికి ముందే మాట్లాడు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదు. ఆ గంటలు తీసేసే ప్రోగ్రామ్ వేసుకో.

ఇక అసలు సంగతి. గల్ఫ్‌లో నేను ప్లానింగ్ ఇంజనీరుగా చేసిన ఒక కంపెనీ ఉండేది, పేరెందుకులే. 1999 ఫిడిక్ రెడ్ బుక్ కాంట్రాక్టు, అంటే దేశదేశాల్లో కట్టడం పనులకు వాడే అచ్చు షరతుల పుస్తకం. పని ఇచ్చినవాళ్ల తరఫు కన్సల్టెంట్ నుంచి పునాదుల డ్రాయింగులు ఎంతకీ రావు. క్రేన్లు ఖాళీ, మనుషులు ఖాళీ. లెటర్ పెడదామంటే మా ప్రాజెక్ట్ మేనేజర్, "ఎందుకయ్యా, ఆయన మనసు కష్టపెట్టుకుంటాడు. మీటింగుల్లో చెప్తూనే ఉన్నాం కదా" అన్నాడు. మర్యాదస్తుడు పాపం. 20.1 క్లాజు చూస్తే, సంగతి తెలిసిన 28 రోజుల్లో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే అదనపు టైమూ లేదు, డబ్బూ లేదు. చివర్లో క్లెయిమ్ ఫైలు పట్టుకెళితే కన్సల్టెంట్ ఆ పేజీయే తీసి చూపించాడు. ఆలస్యం మొత్తం మా నెత్తిన వేసి బిల్లుల్లో జరిమానా కోశారు. మేమిచ్చింది పని ఇచ్చినవాళ్లు అడగ్గానే బ్యాంకు చెల్లించే గ్యారంటీ. బ్యాంకు మమ్మల్ని ఒక్క మాట అడగకుండా కట్టేసింది.

అంతటితో పోతే ఇంత రాసేవాణ్ణి కాదురా. డబ్బు ఆగగానే ముందు ఆగినవి క్యాంపులో జీతాలు. తర్వాత మెస్ వాడు అరువు కుదరదన్నాడు. ఆర్మూరు, జగిత్యాల వైపు పిల్లలు ఒక ప్యాకెట్ కుబ్బూస్ రొట్టెలు నలుగురు పంచుకుని తినేవాళ్లు. వాళ్లలో ఒకడు నా గదికి వచ్చి, "సార్, చెల్లె పెండ్లుంది, జీతం తర్వాత చూద్దాం, టికెట్ ఇప్పియ్యుండ్రి" అన్నాడు. సంతకం పెట్టే అధికారం నాకు లేదు. వాడికేం చెప్పాలో తెలియలేదు.

అందుకే ఏ సంగతైనా వాట్సాప్‌లోనే తేల్చేసే నీ అలవాటు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. అవతలివాడు "ఓకే" అని పెట్టిన మెసేజ్ నోటీసు కాదు. నోటీసు ఎవరికి, ఏ అడ్రసుకు, ఎలా పంపాలో కాంట్రాక్టులో ఉంటుంది, అలాగే పంపు. నీది సబ్‌కాంట్రాక్టు కాబట్టి గడువు 28 కంటే తక్కువే పెట్టి ఉంటారు, వెతుకు. మెయిన్ కాంట్రాక్టర్‌కు డబ్బు వచ్చాకే నీకు ఇస్తామనే షరతు ఉందేమో అదీ చూడు. ఉంటే మూడు నెలల జీతాలు, అందరి తిరుగు టికెట్ల డబ్బు విడిగా ఒక ఖాతాలో వేసి, దాన్ని ముట్టుకోకు. సిమెంటు రేటు పెరిగినా సరే.

ఇంకోటి. వీసా ఖర్చని ఏజెంటు నువ్వు తీసుకెళ్లే పిల్లల దగ్గర డబ్బు గుంజాడని తెలిస్తే నీ గడప తొక్కను. వాళ్ల పాస్‌పోర్టులు వాళ్ల దగ్గరే ఉండాలి.

కోపంగా రాశానని అనుకోకు. చిన్నప్పుడు ఇసుక కుప్ప మీద నువ్వు కట్టిన గోడలకు కూడా తూకం చూసినవాణ్ణి, ఇప్పుడు ఊరుకుంటానా? కాంట్రాక్టు కాపీ ఆదివారం లోపు పంపు, అనుబంధాలతో సహా. నేను చదివాకే సంతకం.

పెదనాన్న