పాత షాట్‌గన్ మైక్ కొనేముందు పవర్ సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: హన్మకొండలో షార్ట్‌ఫిల్మ్‌లు తీస్తున్నారు, ఒగ్గుకథ కూడా రికార్డు చేయాలి. చేతిలో పదివేలు ఉన్నయి, రికార్డర్ జూమ్ హెచ్4ఎన్. సెకండ్‌హ్యాండ్‌లో సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416 టీ అనే షాట్‌గన్ మైక్ (ఎదురుగా వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టే, చీలికలున్న గొట్టం మైక్) దొరుకుతోంది, తీసుకోవచ్చా అని.

జర ఆగండి. చివర 'టీ' ఉందంటే అది టీ-పవర్ మైక్. దానికి ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైక్ ప్లగ్) 2, 3 పిన్నుల మధ్య 12 వోల్టులు కావాలి. మీ జూమ్ కేబుల్ గుండా మైక్‌కు ఇచ్చే పవర్ వేరే రకం, దాని పేరు ఫాంటమ్, 48 వోల్టులు గానీ 24 గానీ. ఫాంటమ్‌లో 2కూ 3కూ ఒకే వోల్టేజీ వెళ్తుంది, వాటి మధ్య తేడా సున్నా. కాబట్టి మైక్ మంచిదే అయినా నోరు మెదపదు. ఫాంటమ్ మీద పెట్టి చూసి 'చచ్చిపోయింది' అనుకుని కొందరు అమ్మేస్తరు, టీ మైకులు చవగ్గా దొరకడానికి ఇదీ ఒక కారణం. అదే 416 పీ48 (ఫాంటమ్ రకం) అయితే నేరుగా నడుస్తుంది.

టీ మైకే కొంటే ఫాంటమ్‌ను టీ-పవర్‌గా మార్చే చిన్న అడాప్టర్ కావాలి, దాని ఖర్చును మైక్ ధరలోనే కలుపుకోండి. టంకం వేయడం వస్తే బాక్స్ మీరే కట్టుకోవచ్చు. 8 ఏఏ సెల్స్ వరసగా పెడితే 12 వోల్టులు. ప్లస్ నుంచి 180 ఓమ్స్ రెసిస్టర్ మీదుగా మైక్ వైపు 2వ పిన్నుకు, మైనస్ నుంచి ఇంకో 180 ఓమ్స్ మీదుగా 3వ పిన్నుకు. రికార్డర్ వైపు వెళ్లే రెండు వైర్లలోనూ 47 మైక్రోఫారడ్, 63 వోల్టుల నాన్-పోలార్ కెపాసిటర్ ఒక్కోటి. 1వ పిన్ను నేరుగా 1కి. రికార్డర్‌లో ఫాంటమ్ ఆఫ్. సామాన్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతయి. రెండు జాగ్రత్తలు. మైక్ మీద ఎర్ర చుక్క ఉంటే అది నాగ్రా రికార్డర్ కోసం చేసింది, 2, 3 తారుమారుగా ఉంటయి. ఇక ఆ బాక్స్‌కు డైనమిక్ మైక్ (పవర్ అక్కర్లేని, కాయిల్‌తో పనిచేసే మైక్) పొరపాటున కూడా తగిలించొద్దు, బ్యాటరీ కరెంటు కాయిల్ గుండా పారుతుంది.

టీ తలనొప్పి వద్దనుకుంటే సెన్‌హైజర్‌దే ఎంఈ 66 తలకాయ (శబ్దం పట్టే గొట్టం), కే6 మాడ్యూల్ (పవర్ ఇచ్చే పిడి) జత చూడండి. ఏఏ సెల్ మీదా, ఫాంటమ్ మీదా నడుస్తుంది. కే6పీ అయితే ఫాంటమ్ ఒక్కటే. పాత డైనమిక్ షాట్‌గన్‌లు చవకే గానీ మీ జూమ్‌కు పనికిరావు. వాటి సిగ్నల్ చాలా తక్కువ, గెయిన్ (సిగ్నల్ పెంచే సెట్టింగ్) పెంచితే జూమ్ సొంత 'స్స్స్' పైకొస్తుంది.

కొనేటప్పుడు రికార్డర్, హెడ్‌ఫోన్, మీ కేబుల్ వెంట తీసుకెళ్లండి. ఫ్యాన్ ఆపి, గెయిన్ పెంచి వినండి. సన్నటి సమానమైన హిస్ ఫర్వాలేదు, పోపు చిటపటలాడినట్టు వస్తే వద్దు. తర్వాత పది సెంటీమీటర్ల దూరం నుంచి మైక్ మీదికి మెల్లగా వెచ్చటి ఊపిరి వదలండి. ఎంఈ 66 లాంటి వాటిలో ఉండే ఎలక్ట్రెట్ క్యాప్సూల్‌కు (శాశ్వత చార్జ్ నింపిన, శబ్దం పట్టే భాగం) తేమ లీకేజీ ఉంటే అప్పుడే చిటపట మొదలై కాసేపటికి తగ్గుతుంది, వానకాలంలో అదే రోజంతా ఉంటుంది. 416 లాంటి ఎంకేహెచ్‌లలో ఆర్ఎఫ్ (అధిక ఫ్రీక్వెన్సీ సిగ్నల్) పద్ధతి కాబట్టి తేమను బాగా తట్టుకుంటయి. తాళంచెవుల గుత్తి ఎదురుగా ఆడించి, అదే దూరంలో పక్కకు జరిపి మళ్లీ ఆడించండి. పక్కన గలగల స్పష్టంగా తగ్గాలి. తగ్గకపోతే గొట్టం చీలికలు మూసుకుపోయినయనో, మైక్ నకిలీ అనో అనుమానించండి. 416కు నకిలీలు బాగా ఉన్నయి. అసలు పీ48 బరువు 165 గ్రాములు, పొడవు 25 సెంటీమీటర్లు. చిన్న డిజిటల్ తూకం జేబులో పడుతుంది. కే6 అయితే తలకాయ దగ్గర మర కొంచెం తిప్పి చూడండి, గరగరమంటే అక్కడి కాంటాక్టులు మురికిపట్టినట్టు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే మామూలుగా పోతుంది, దానికి బేరమాడండి, వదులుకోవద్దు.

చీలికలను నీళ్లతో గానీ ఆల్కహాల్‌తో గానీ తడపొద్దు. చీలికలు కిందికి ఉండేట్టు పట్టుకుని పొడి బ్రష్‌తో దులపండి. పాత ఫోమ్ వేలికి అంటుకుంటుంటే పారేసి కొత్తది వేయండి, లేకపోతే ఆ పొడి చీలికల్లోకి దిగుతుంది.

ఇప్పుడు మీ అసలు పని. స్లాబ్ ఇంట్లో, బండల నేల మీద డైలాగ్‌కు షాట్‌గన్ వాడొద్దు. గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం గొట్టంలో కలిసి గొంతు డొల్లగా వినిపిస్తుంది. పెంకుటింట్లో కొంత నయం. లోపల తప్పనిసరైతే బొంతలు, దుప్పట్లు వేలాడదీసి, మైక్‌ను ఫ్రేమ్ బయట తలపైన 45-60 సెంటీమీటర్లలో పెట్టండి. ఒగ్గుకథలో డోలును షాట్‌గన్‌తో పక్కకు నెట్టలేరు. డోలు మోతలోని 100 హెర్ట్జ్ తరంగం పొడవే 3.4 మీటర్లు, 25 సెంటీమీటర్ల గొట్టానికి అది లెక్కే కాదు. ప్రధాన కథకుడికి కాలర్ మైక్ పెట్టి, షాట్‌గన్‌ను రెండో ట్రాక్‌కు వాడుకోండి.

మైక్‌ను నేరుగా కెమెరాకు కలిపేవాళ్లు ఇంకో తప్పులో పడతరు. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్‌ను 3.5 ఎంఎం స్టీరియో జాక్‌కు అలాగే అతికిస్తే ఎడమ, కుడి ఛానళ్లు ఎదురెదురు ఫేజ్‌లో (ఒకటి పైకెళ్తే ఇంకోటి కిందికి) రికార్డవుతయి. ఇయర్‌ఫోన్‌లో బాగానే ఉంటుంది, ఫోన్ స్పీకర్‌లో రెండూ కలిసేసరికి గొంతు మాయం. బ్యాటరీ మైక్‌కు 2వ పిన్నును జాక్ కొనకూ నడిమి రింగుకూ, 1, 3 రెండింటినీ అడుగు భాగానికీ కలపాలి.

వానకాలంలో మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి. నారింజ గింజలు ఆకుపచ్చగా మారితే వంటకు వాడని పాత మూకుడులో సన్నటి సెగ మీద వేడిచేస్తే రంగు తిరిగొస్తది. డబ్బాలో పెట్టేముందు ఏఏ సెల్ తీసేయండి. ఇప్పటికే కారి తెల్లటి పొక్కు కట్టి ఉంటే, దూదికి ఒక్క చుక్క వెనిగర్ అద్ది తుడిచి, తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి.