పెద్దన అడిగిన లేఖకుడు

సందేహం: మా ఊళ్లో జరిగే సాహిత్య సభ ఆహ్వానపత్రంలో కథారచయితలను ‘ప్రముఖ లేఖకులు’ అని వేశారు. రచయితను లేఖకుడు అనవచ్చా? పెద్దన చాటువులోని ‘లేఖక పాఠకోత్తముల్’ అంటే రచయితలు, పాఠకులు అనేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: కాదమ్మా. కృతి చెప్పేది పెద్దనే అయినప్పుడు ఆయనకు ఇంకో రచయిత దొరకడం ఎందుకు?

కృష్ణదేవరాయలు కృతి చెప్పమంటే పెద్దన చదివాడని చెప్పుకునే పద్యం అది. అందులో కప్పురవిడెం, ఉయ్యాలమంచం అందరికీ గుర్తుంటాయి. భోగి అని నవ్వుకుని ఊరుకుంటాం. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. ఒప్పుతప్పులు పట్టే రసజ్ఞులు కావాలి, ‘ఊహ తెలియంగల’ లేఖకులూ పాఠకులూ కావాలి అన్నాడు. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. గోవాలో అచ్చుయంత్రం దిగిందే 1556లో. కనుక కావ్యం లోకంలోకి రావాలంటే ఒకరు తాటాకు మీద రాయాలి, ఒకరు పదిమందిలో చదవాలి. ఆ రాసేవాడే లేఖకుడు, చదివేవాడే పాఠకుడు. ఆనాటి ప్రెస్సూ వాళ్లే, పంపిణీదారులూ వాళ్లే.

ఆ రాత ఎలాంటిదంటారా? గంటంతో గీసింది మసి పూసి తుడిస్తే గాని సరిగా కనబడదు. మాటకూ మాటకూ ఎడం ఉండదు, పద్యపాదాలూ కలిసిపోయే ఉంటాయి. లేఖకుడు ఒక్క దీర్ఘం మరిచాడా, ‘కాంత’ కాస్తా ‘కంత’ అయి కూచుంటుంది. రెండూ గురువు, లఘువే కాబట్టి ఛందస్సుకు కూడా దొరకదు! ‘ఊహ తెలియంగల’ అన్నది అందుకే. వ్యాసుడు వినాయకుణ్ణి భారతానికి ‘లేఖకుడివి కమ్మ’ని అడిగి, అర్థం కానిదే రాయవద్దని షరతు పెట్టలేదూ? లేఖకుడంటే రచయితే అయితే భారతకర్త వినాయకుడని ఒప్పుకోవాలి.

‘లిఖ్’ ధాతువుకు గీకడమని అర్థం. మన ‘వ్రాయు’కు చుట్టమైన తమిళ ‘వరై’కీ గీత గీయడమనే అర్థం ఉంది. రెండూ చేతిపనికి చెందిన మాటలే. అమరకోశం కూర్చిన అమరసింహుడు కూడా లేఖకుణ్ణి లిపికరుడితోనే జతచేశాడు. పాఠకుడు అంటే ఆనాడు పైకి చదివి వినిపించేవాడు. ఇప్పుడు మనసులో చదువుకునేవారినీ అంటున్నాం, మిమ్మల్ని నేనూ అలాగే అన్నాను.

మరి తీర్పు? హిందీలో లేఖక్ అంటే రచయితే. అక్కడ అది తప్పు కాదు. ‘రచయిత’ అనే నిక్షేపంలాంటి మాట ఇంట్లో పెట్టుకుని, దాన్ని అరువు తెచ్చుకోవడమెందుకన్నదే నా కోపం. పాఠకుడి అర్థం మారినట్టే రేపు లేఖకుడి అర్థమూ మారవచ్చు, కాదనలేను. ఈలోగా ఆ సభవారిని ఒకసారి రిజిస్ట్రేషన్ ఆఫీసు దాకా తీసుకెళ్లండి. బయట చెట్టు కింద ‘దస్తావేజు లేఖరి’ అని బోర్డు కనిపిస్తుంది. రోజూ ఎన్నో పొలాల గురించి రాస్తాడాయన. వాటిలో ఒక్క సెంటైనా ఆయనది కాదు.